పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా?



రెండు వారాల క్రితం ఆరాధన అయ్యాక, చాపలు చుట్టేసే వేళ, మన సంఘంలోని ఒక చెల్లెలు నా చేతిలో ఒక నోట్‌బుక్ పెట్టింది. ఎవరో చెప్పను, మీరూ ఊహించకండి. "అయ్యగారూ, ఒక కథ రాశానండి. ఇందులో ఏదీ నిజంగా జరగలేదు. దేవుని పేరు పెట్టి జరగనిది రాస్తే అబద్ధమవుతుందాండి?" అని అడిగింది. వచ్చే ఆదివారం చెబుతానమ్మా అన్నాను. ఆదివారం వచ్చింది, చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్నకు నేను ఒకప్పుడు చాలా తేలిగ్గా జవాబు చెప్పేశాను. ఆ తేలికతనం బరువు వేరేవాళ్ళు మోశారు. అందుకే ఈ వారం ధ్యానానికి బదులు ఆ సంగతి రాస్తున్నాను.

బైబిలు తరవాత నేను చదివిన మొదటి పెద్ద పుస్తకం "యాత్రికుని ప్రయాణము". మా ఊరి బైబిలు స్త్రీ ప్రభువునందు నిద్రించాక ఆవిడ ట్రంకు పెట్టెలో దొరికింది. అట్ట లేదు. చివరి పేజీలు చెదలు తినేశాయి. అప్పుడు నాది ఆరో తరగతి. మా మామ్మకి చదువు రాదు. ఊడ్పుల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని "చదవరా" అనేది.

నాశనం కాబోయే తన ఊరిని విడిచి ఆ యాత్రికుడు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పరుగెత్తే చోటు మీకు గుర్తుండే ఉంటుంది. వెనక నుంచి భార్యాబిడ్డలు పిలుస్తూ ఉంటారు. మామ్మ అక్కడే నన్ను ఆపేసింది. "ఆగరా. పెళ్ళాం పిల్లలు ఏడుత్తుంటే ఈడు ఎల్లిపోయాడా? ఆళ్ళని ఎవరికి అప్పజెప్పాడు?" నాకేం తెలుసు. ముందుకు చదివాను. ఆవిడ మాత్రం ప్రతిరోజూ, సింహాలు వచ్చినా రాక్షసుడు వచ్చినా, "సరేగానీ, ఇంటి దగ్గర ఆళ్ళేం తింటన్నారో" అనేది.

చివరికి ఆ మనిషి నది ఒడ్డుకు చేరతాడు. అవతల పట్టణం కనబడుతుంటుంది. నదికి వంతెన లేదు, లోతు చాలా ఎక్కువ. నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటడం అలవాటైన మా మామ్మ, "పడవ కూడా లేదా?" అని అడిగింది. లేదు మామ్మా అన్నాను. అతను నీళ్ళలో దిగుతాడు, మునిగిపోతున్నట్టు భయపడతాడు. అక్కడితో మా పేజీలు అయిపోయాయి. "చేరాడా?" అంది. తెలీదన్నాను. కాసేపు ఊరుకుని, లేచి పొయ్యి అంటించడానికి వెళ్ళిపోయింది.

తరవాత సెమినరీలో డిప్లొమా చదివేటప్పుడు లైబ్రరీలో పూర్తి పుస్తకం దొరికింది. జాన్ బన్యన్ గురించీ అక్కడే చదివాను. అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని బెడ్‌ఫర్డ్ జైలులో పన్నెండేళ్ళు ఉంచారాయన్ని. ఈ పుస్తకం 1678లో అచ్చయింది. ఆరేళ్ళకు, 1684లో, రెండో భాగం రాశాడు. అందులో ఆ ఇల్లాలూ నలుగురు కొడుకులూ బయలుదేరి అదే దారిన వస్తారు. మా మామ్మ బతికి ఉంటే చెప్పేవాణ్ణి, నువ్వు అడిగినదానికి ఆయన జవాబు రాశాడే అని.

ఆ పుస్తకానికి ముందు బన్యన్ పద్యరూపంలో ఒక సంజాయిషీ రాసుకున్నాడు. రాసింది స్నేహితులకు చూపిస్తే కొందరు అచ్చు వేయించమన్నారట, కొందరు వద్దన్నారట. దైవ సంగతులను కట్టుకథగా చెప్పడం తగునా అన్నదే వాళ్ళ పేచీ. అంటే మన చెల్లెలు అడిగిన ప్రశ్న మూడున్నర శతాబ్దాల నాటిది. మా చిన్నప్పుడు మా సంఘంలోనూ ఒక పెద్దాయన ఉండేవారు. నవలలు చదివే నోటితో వాక్యం చదవకూడదనేవారు. నేనేమో వారపత్రికలో సీరియల్‌ని పాటల పుస్తకంలో దాచుకుని చదివే రకం.

సేవలోకి వచ్చిన కొత్తలో ఈ ప్రశ్న ఎవరడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నాతాను దావీదుకు గొఱ్ఱెపిల్ల కథ చెప్పలేదా? యోతాము కొండెక్కి చెట్ల కథ చెప్పలేదా? యేసయ్యే ఉపమానాలు చెప్పాడు, మనం చెబితే తప్పేంటి? ఇదంతా నిజమే. కానీ ఆయన కథలు చెప్పాడన్నదే చూశాను, ఎలా చెప్పాడో చూడలేదు.

2013 క్రిస్మస్‌కి ఒక నాటిక రాశాను. అందులో ఒక దింపు కార్మికుడు కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన పడతాడు. భార్య ఉపవాస ప్రార్థన చేస్తుంది. క్రిస్మస్ రాత్రి నక్షత్రం వెలుగు గుడిసెలో పడగానే అతను లేచి నడుస్తాడు. మన యవ్వనస్థులు బాగా చేశారు. చప్పట్లు ఆగలేదు. నాకు గర్వంగా అనిపించింది, దాచను.

ఆ నాటికలో సగం నేను కల్పించలేదు. మా దగ్గర అప్పటికి ఐదు నెలలుగా ఒక అన్న అలాగే పడి మంచం మీద ఉన్నాడు. (ఆ అక్క ఇది చదివి, సరే అన్నాకే మీ ముందుకు వచ్చింది. గుర్తుపట్టే వివరాలు మార్చాను.) వాళ్ళ ఇల్లు మందిరానికి రెండు వీధుల అవతల. మైకు పెట్టాం కదా, మంచం మీంచే నాటికంతా విన్నాడు. తెల్లారి భార్యను పిలిచి, "నా కాళ్ళు కిందకి దించవే" అన్నాడట. దించింది. నేల మీద ఆనించి పట్టుకుంది. కాసేపయ్యాక "ఎత్తెయ్" అన్నాడట. రోజూ పొద్దున్నే అలా దించమనేవాడు. ఎన్నాళ్ళో ఆవిడ లెక్కపెట్టలేదు.

జులైలో, గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారంలో, అతను చనిపోయాడు. నేనే సమాధి కార్యక్రమం చేశాను. ఆదరణ కూడిక ముగిసి అందరూ వెళ్ళాక ఆ అక్క గిన్నెలు కడుగుతూ అడిగింది, "అయ్యగారూ, నాటకంలో వాడికున్న విశ్వాసం మా ఆయనకి లేదాండి?"

నా దగ్గర జవాబు లేదు. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణేమో. ఆవిడకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. నా కథలో నడిచినవాడు ఎవరూ కాదు, నేను కల్పించినవాడు. కానీ వాడు నడవడం వల్ల, నడవలేని మనిషి మీద ఒక నేరం పడింది.

ఆ తరవాత ఐదేళ్ళు కథ రాయలేదు. చదవడం మాత్రం మానలేదు, ఇంకా ఎక్కువైంది. రాజమండ్రి పని పడితే గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి "రాజశేఖర చరిత్రము" అక్కడే చదివాను. 1878లో "వివేకవర్ధని" పత్రికలో మొదలైన నవల, కథంతా మన ధవళేశ్వరంలో ఆరంభమవుతుంది. తెలుగులో మొదటి నవలగా చాలామంది చెప్పే దీనికి ప్రేరణ ఏంటో తెలుసా? ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేయించిన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్". అంటే ఒక పల్లెటూరి పాదిరిగారి కథ! మన గోదావరి ఒడ్డున తెలుగు నవల మొదలవడంలో ఒక పాదిరిగారికి అంత చోటుంది. అది తెలిసిన రోజు ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు నవల కూడా చదివాను. పాదిరిగారి డబ్బు పోతుంది, ఇల్లు కాలిపోతుంది, కూతురు మోసపోతుంది, అప్పు కింద జైలుకెళతాడు. జైల్లో ఖైదీలు ఎగతాళి చేస్తున్నా వాళ్ళకి వాక్యం చెబుతాడు. అంతవరకూ మన యోబు గ్రంథం చదివినట్టే ఉంది. చివరి అధ్యాయాల్లో మాత్రం అన్నీ గబగబా తిరిగొచ్చేస్తాయి. నా నాటిక గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. యోబుకి కూడా రెండింతలు తిరిగొచ్చింది కదయ్యగారూ అని ఒక తమ్ముడు అన్నాడు. వచ్చింది. గొఱ్ఱెలూ ఒంటెలూ రెండింతలయ్యాయి. పిల్లలు మళ్ళీ పదిమంది పుట్టారు. పోయిన పదిమంది తిరిగి లేచి వచ్చారని మాత్రం అక్కడ రాయలేదు.

మా సెమినరీలో ఎవరూ చెప్పని ఇంకో పేరు కృపాబాయి సత్యనాథన్. 1862లో అహ్మద్‌నగర్‌లో, హిందూమతం నుంచి క్రీస్తును నమ్ముకున్న తల్లిదండ్రులకు పుట్టింది. మద్రాసులో వైద్యం చదవడం మొదలుపెట్టి, ఆరోగ్యం దెబ్బతిని మానేసింది. పెళ్ళయ్యాక కొంతకాలం భర్తతో రాజమండ్రిలోనే ఉంది. ఇక్కడ కూడా జబ్బుతోనే గడిపింది. 1887-88లో "సగుణ" అనే నవల మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ మ్యాగజైన్‌లో వరుసగా వచ్చింది. ఇంగ్లీషులో రాసింది. పాత పుస్తకం కాబట్టి ఫోన్‌లోనే దొరికింది. దాదాపు ఆమె సొంత జీవితమే. ఎంతో ప్రేమించిన అన్న చనిపోతాడు, ప్రార్థనలు చేసే ఇల్లే అది. మన దేశపు విశ్వాసులను కొందరు మిషనరీలు ఎంత చులకనగా చూసేవారో కూడా దాచలేదు. ఇవన్నీ రాసింది, విశ్వాసాన్నీ వదల్లేదు. ముప్పై రెండేళ్ళకే, 1894లో, కన్నుమూసింది. రాజమండ్రిలో ఆ జ్వరాల రాత్రుల్లో ఏం ప్రార్థించి ఉంటుందో అని రైల్వే బ్రిడ్జి దాటేటప్పుడల్లా అనుకుంటాను.

లూ వాలెస్ సంగతి కూడా చెప్పాలి. "బెన్‌హర్" సినిమా మీలో చాలామంది చూశారు. 1880లో ఆ నవల రాసిన ఈయన సైనికాధికారి. 1876లో రైల్లో ఒక పేరుమోసిన నాస్తికుడితో మాట్లాడి, దేవుని గురించి తనకు ఏమీ తెలియదని సిగ్గుపడ్డాడు. రాస్తూ రాస్తూ పుస్తకం పూర్తయ్యేలోగా విశ్వాసిని అయ్యానని తనే తరవాత చెప్పాడు. నేను విశ్వాసంతో మొదలుపెట్టి అబద్ధం రాశాను, ఆయన విశ్వాసం లేకుండా మొదలుపెట్టి అక్కడికి చేరాడు.

మళ్ళీ కలం పట్టించింది మాత్రం ఈ పుస్తకాలేవీ కాదు. ఒక బుధవారం కూడికకి లూకా 15 సిద్ధపడుతున్నాను. ఎన్నిసార్లు ప్రసంగించానో ఆ అధ్యాయం. తప్పిపోయిన కొడుకు వచ్చాడు, విందు జరిగింది. పెద్దకొడుకు పొలం నుంచి వచ్చి, కోపగించి, బయటే నిలబడ్డాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. తండ్రి మాట అయింది. తరవాత? తరవాత ఏమీ లేదు. పేజీ తిప్పితే పదహారో అధ్యాయం, ఇంకో కథ. పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా? ప్రభువు చెప్పలేదు. చెదలు తిన్న పేజీ కాదిది, ఆయనే అక్కడ ఆపాడు. వింటున్నది సణుగుతున్న పరిసయ్యులూ శాస్త్రులూ. పెద్దకొడుకులు వాళ్ళే. వాళ్ళ బదులు ఆయన వాళ్ళని లోపలికి నడిపించేయలేదు. ఆయనకి కథ ముగించడం చేతకాకనా?

ఆ రాత్రి పాత నాటిక తీసి కథగా తిరగరాయడం మొదలుపెట్టాను. చెట్టు, పడిపోవడం, మంచం అలాగే ఉన్నాయి. నక్షత్రం తీసేశాను. అతను నడుస్తాడో లేదో రాయలేదు. భార్య రాత్రంతా మోకాళ్ళ మీద ప్రార్థించడం మాత్రం ఉంచాను. అయ్యాక ఇంకెవరికీ చూపించకుండా, ధైర్యం చేసి ఆ అక్క ఇంటికి తీసుకెళ్ళాను. చదివి వినిపించాను. చివరిదాకా మధ్యలో ఏమీ అనలేదు.

"ఇది తప్పండి," అంది.

నా గుండె జారిపోయింది. ఏది తప్పమ్మా అన్నాను.

"రాత్రంతా ప్రార్థన చేసిందని రాశారు. నేను చెయ్యలేదండి. ఒంట్లో ఓపికుండేది కాదు, నిద్రపోయేదాన్ని. పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు డాక్టరుగారు. సెల్లులో అలారం పెట్టుకుని లేచి, తిప్పి, మళ్ళీ పడుకునేదాన్ని. తిప్పేటప్పుడు బరువుకి 'ప్రభువా' అనేదాన్ని. ఆయన కూడా అనేవాడు. అంతే. అది రాయండి."

రాశాను. ఆ కథ మొత్తంలో నాది కాని వాక్యాలు అవే.

ఇక చెల్లీ, నీ నోట్‌బుక్ సంగతి. సాక్ష్యం చెప్పేటప్పుడు కల్పించకూడదు. పదిమంది వస్తే వందమంది అనకూడదు (ఇది నీకు కాదు, మా పాస్టర్లకి). కథలో మనుషుల్ని కల్పించు, ఊరిని కల్పించు, గోదావరికి ఇంకో పాయ కావాలన్నా కల్పించు. నీ కథ బాగుంది. ఆ చిన్నపిల్ల తలుపు వెనక నిలబడి నాన్న చెప్పుల చప్పుడును బట్టి ఈ రోజు తాగొచ్చాడో లేదో తెలుసుకుంటుందని రాశావే, అక్కడ నేను కాసేపు చదవలేకపోయాను. నాలుగో పేజీలో శనివారం రాత్రి ఆ నాన్న కలలో వెలుగు చూస్తాడు, ఐదో పేజీలో ఆదివారం మందిరానికి వచ్చేస్తాడు. ఆ రెండు పేజీల మధ్య పెన్సిల్‌తో ఒక గీత గీశాను. ఆ రాత్రి, తెల్లారేలోపు, ఆ ఇంట్లో ఏం జరిగిందో, తలుపు వెనక పిల్ల ఏం చేసిందో రాసి తీసుకురా. అతను మందిరానికి వస్తాడో రాడో తరవాత చూద్దాం. నోట్‌బుక్ అమ్మగారి దగ్గర ఉంచాను, తీసుకెళ్ళు.