స్టీరింగ్ బరువైతే ముందు బెల్టు చూడుండ్రి

మొన్న మిర్చి బస్తాలేసుకుని పాకాల ఏటి దిగుడుల మలుపు తిప్పుతుంటే మా పాత జీపు స్టీరింగ్ తిరగనే లేదు. అంచుదాక పోయి ఆగింది. పక్కన కూసున్న మా నాయిన ఏమనలేదు, బీడీ ముట్టిచ్చిండు.

పంపు మార్చాలన్నడు మెకానిక్. నాకు నమ్మకం కుదరలే. రేసు ఇస్తే తేలికైతుంది, స్లోల బరువైతుంది, పూర్తిగా తిప్పితే కీచుమంటది. చూస్తే బెల్టు వదులు, ఆయిల్ నల్లటి మడ్డి. రెండూ మార్చిన. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు 20 సార్లు తిప్పిన, డబ్బాల బుడగలు ఆగేదాక, తగ్గిన ఆయిల్ పోసుకుంట. టైర్లల్ల గాలి కూడ తక్కువే ఉండె, అది నా తప్పే.

ఇప్పుడు చాలా నయం. స్లోల ఇంకా కొంచెం బరువే, పంపు సంగతి మిర్చి అమ్మినంక చూస్త. నాయిన మాత్రం ఏటి దగ్గర దిగి నడుస్తుండు.