వాల్కిరీ శిరస్త్రాణం

మొన్న సెలవులకు వచ్చిన మా అబ్బాయి, 2018లో వెలువడిన ‘గాడ్ ఆఫ్ వార్’ అనే వీడియో గేమ్ ఆడుతుంటే మేమూ పక్కన కూర్చున్నాము. రెక్కలతో, ముఖాన్ని కప్పే శిరస్త్రాణంతో ఒక స్త్రీ కథానాయకుణ్ణి పదేపదే నేలకూల్చింది.

“ఎవరురా ఈ రాక్షసి?” అన్నాము.

“రాక్షసి కాదు నాన్నా, వాల్కిరీ. ఇట్లాంటివాళ్ళు తొమ్మిదిమంది” అన్నాడు.

కుతూహలంతో స్కాండినేవియా పురాణగాథలు తిరగవేశాము. వాల్కిరీ అంటే హతులను ఎన్నుకునేది అని అర్థం. ఓడిన్ దేవుడు పంపగా రణభూమికి వెళ్ళి మృత్యువునూ విజయాన్నీ నిర్ణయించడం, వల్‌హల్లా మందిరం చేరిన వీరులకు పానీయం అందించడం వారి విధి. వారిలో సిగ్ర్‌డ్రీఫా అనే ఆమె, ఓడిన్ విజయం వాగ్దానం చేసిన వృద్ధరాజును కూల్చి, ఎవరి అండా లేని ప్రత్యర్థిని గెలిపించింది. ఆగ్రహించిన ఓడిన్ ఆమెను నిద్రాకంటకంతో గుచ్చి, ఇకపై ఆమెకు రణవిజయం లేదని శాసించాడు.

ఆటలో మాత్రం ఓడిన్ వారిని భౌతికదేహాలలో బంధించాడు. ఆ బంధనంలో వారు ఉన్మత్తులయ్యారు. పరాజయమే వారికి విముక్తి.

ఈ రెండు కథలూ మమ్ము కలవరపెట్టాయి. పూర్వం ఒక నిర్మాణస్థలంలో పని ముగిసినప్పుడు, కొనసాగించవలసిన కార్మికుల జాబితా పైనుండి వచ్చింది. అందరికంటె నిపుణుడైన వెల్డరు పేరు అందులో లేదు. అన్యాయమని తెలిసీ సంతకం చేశాము. ‘పైవారి ఆజ్ఞ’ అన్న మాటే ఆనాడు మా ముఖానికి శిరస్త్రాణమైంది.

మా అబ్బాయి చివరకు గెలిచాడు. శిరస్త్రాణం తొలగిన వాల్కిరీ కృతజ్ఞత తెలిపి అదృశ్యమైంది. మా పదవీవిరమణకు ఇంకా మూడేళ్ళున్నాయి. ఇకపై ఏ జాబితాపైనైనా మా అభిప్రాయం ఫైలులో వ్రాసిన పిదపనే సంతకం చేయాలని నిశ్చయించుకున్నాము.