మారు ఇంజను సాక్ష్యం

అబిడ్స్‌లో పెద్ద తపాలా కార్యాలయం ముందు, సరిగ్గా సిగ్నలు దగ్గర, మా కారు నిలిచిపోవడం ఆ నెలలో నాలుగవసారి. వెనుక హారన్ల హోరు. ప్రతి గురువారమూ నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లి ఫాతిహా చదివి రావడం మా నాన్నగారికి దశాబ్దాల అలవాటు. ఆయన చేతికర్ర ఊతగా దిగి, "నువ్వు బండి చూసుకో బేటా, నేను నడిచిపోతాను" అన్నారు. ఆ మోకాళ్లతో ఆయన ఎంత దూరం నడవగలరో ఇద్దరికీ తెలుసు. ఈ బండిని ఇనుప సామానుల వారికి అప్పగించవలసిందేనని ఆ సాయంకాలమే నిశ్చయించుకున్నాను.

అది మారుతి 1000. 1990లో ఆ నమూనా వెలువడినప్పుడు నగరంలో దానిని నిలబడి చూసినవారు ఎందరో. నాన్నగారు కూడబెట్టినదంతా పెట్టి 1992లో కొన్నారు. ముందు సీటులో అమ్మ కూర్చునేది. ఆమె పోయిన తరువాత కూడా ఆ సీటు కవరు మార్చనివ్వలేదాయన. కార్బురేటరుతో నడిచే 970 సి.సి. ఇంజను 2015లో పూర్తిగా పట్టేసింది. అప్పుడు ఒక కార్ఖానా వారు ఎస్టీమ్ కారు ఇంజనును, 1298 సి.సి. గలదానిని, ఇందులో బిగించారు. ఎస్టీమ్ ఇదే ఒడ్డూ పొడవూ గల బండి కనుక ఇంజను ఇమిడింది. ఇంజను నెంబరు మారిన సంగతి రవాణా శాఖ పత్రంలో నమోదయ్యే వరకు నాన్నగారు బండి ఎక్కలేదు. ఆరవ నిజాము కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పోయినా అబిడ్స్ పేరు నిలిచినట్లే, మా ఇంట అది నేటికీ 'మారుతి వెయ్యి'యే.

అయితే కొత్తగా వచ్చిన ఇంజను కార్బురేటరుది కాదు. ఎంత పెట్రోలు చిమ్మాలో దానికి ఒక చిన్న కంప్యూటరు చెప్పాలి. ఆ కంప్యూటరుకు గాలి పీడనం, నీటి వేడి, బండి వేగం వగైరాలు సెన్సారులు చెప్పాలి. పాత బండిలో ఇవేవీ లేవు. ఇంజను మార్చినవారు వైర్లు ముక్కలు చేసి, మెలిపెట్టి, టేపు చుట్టి, హెచ్చరిక దీపం ఒకటి డాష్‌బోర్డు కింద వేలాడదీశారు. అది ఎర్రగా వెలుగుతూనే ఉండేది. పెట్రోలు వాసన, నల్లబడిన ప్లగ్గులు, ఆగబోతే ఆరిపోయే ఇంజను. నీటి వేడిని కొలిచే సెన్సారును రెండుసార్లు మార్పించాము. చివరకు కంప్యూటరే చెడిందన్నారు.

ఆదివారం అబిడ్స్ కాలిబాట పుస్తకాల గుట్టలో, నిఘంటువు కోసం వెదుకుతుండగా, ఆ ఇంజను మరమ్మతు పుస్తకం దొరికింది. అట్టలేదు. అయినా కొన్నాను. మరునాడు దానిని పట్టుకొని నాంపల్లి స్టేషను రోడ్డు వెనుక సందులో ఒక చిన్న గ్యారేజీకి వెళితే, నూనె చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చినవాడు నా తరగతిలో చివరి బెంచీ విద్యార్థి. ఇద్దరమూ ఒక క్షణం తడబడ్డాము. హాజరు తక్కువైనవారి జాబితాలో అతని పేరు ఎదుట 'అశ్రద్ధ' అని రాసి సంతకం చేసినది నేనే.

అతనికి పుస్తకం అక్కరలేకపోయింది. తనిఖీ కనెక్టరులో రెండు కొనలను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పాడు. దీపం ఒకసారి వెలిగి, ఆగి, నాలుగుసార్లు వెలిగింది. పధ్నాలుగు. అట్లే మూడుమార్లు. ఆ తరువాత రెండు, నాలుగు. ఇరవై నాలుగు. 2013 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త కార్లకు తప్పనిసరి అయిన రెండవ దశ స్వయం తనిఖీ విధానానికి యంత్రం తగిలిస్తే అక్షరాలే వస్తాయి. ఈ పాత పద్ధతిలో కళ్లార్పకుండా లెక్కపెట్టుకోవాలి.

"పధ్నాలుగంటే నీటి వేడి సెన్సారు. అదే కదా రెండుసార్లు మార్చాము" అన్నాను.

"సెన్సారు చెడిందని అది అనదు సార్. ఆ వైరు మీద జవాబు సరిగా రావడం లేదంటుంది, అంతే."

సెన్సారు విప్పి టీ కాచే గిన్నెలో వేశాడు. నీరు చల్లగా ఉన్నప్పుడు మీటరు సుమారు 2,500 ఓములు చూపింది. వేడి 80 డిగ్రీలకు చేరేసరికి 300 దగ్గరకు దిగింది. అనగా నిర్దోషి. ఆపై టేపు చుట్టిన ముడి ఒక్కటొక్కటే విప్పుతూ పోతే, ఒకచోట రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ ముడి అడ్డు కూడా కలిసి ఓములు పెరిగితే, ఇంజను చల్లగా ఉందని కంప్యూటరు నమ్ముతుంది. మండుటెండలో కూడా అదనంగా పెట్రోలు పోస్తుంది. గతుకులో ఆ ముడి పూర్తిగా విడిపోతే పధ్నాలుగు రాసుకుంటుంది. పాపం, అది అబద్ధమాడలేదు. మేమే రెండు మంచి సెన్సారులను దండించాము.

ఇరవై నాలుగు కథ వేరు. అది వేగం సెన్సారు. దాని వైరు ఎంత వెదికినా కనబడలేదు. "ఎస్టీమ్ మీటరు లోపల అది ఉంటుంది సార్. మీ మీటరులో పుట్టుకతోనే లేదు" అన్నాడు. అత్తవారింటికి వచ్చిన కోడలు పుట్టింటి వస్తువు కోసం ప్రతి దినమూ అలమార తెరిచి చూసినట్లు ఆ ఇంజను ఎనిమిదేళ్లుగా వెదుకుతున్నదన్నమాట. బండి వేగం తగ్గి ఆగబోతున్నదని తెలియక, నిలకడ వేగాన్ని సమయానికి సర్దుకోలేక, సిగ్నళ్ల వద్ద ఊపిరి వదిలేది.

ముడులు కోసి, టంకం పోసి, పాత ఎస్టీమ్ మీటరు ఒకటి తెచ్చి సరిచేయడానికి మూడు దినాలు పట్టింది. రెండవనాడు అడిగాను, కళాశాలకు ఎందుకు రావడం లేదని. గ్యారేజీ ఉస్తాదు అతని మేనమామ. రెండు నెలల క్రితం జాకీ జారి ఆయన కుడిచెయ్యి విరిగింది. పది మంది తినే ఇంటికి అదే ఆధారం. "మీరు అడగలేదు, నేను చెప్పలేదు సార్" అన్నాడు, తల వంచుకొని స్క్రూ బిగిస్తూ.

నేను రాసిన మాటను కొట్టివేసి, అతనిని పరీక్షకు అనుమతించవలసినదిగా కమిటీకి లేఖ ఇచ్చాను. ఈ వ్యాసం అచ్చుకు వెళుతున్న నాటికి నిర్ణయం రాలేదు. ఈ సంచికను చదివే పెద్దలలో ఆ లేఖను చూడవలసినవారు కూడా ఉన్నారు.

గురువారం బండి తీసుకునేందుకు వెళితే, నాన్నగారు వెనుక సీటులో కూర్చొని, తనకు కూడా చూపమన్నారు. అబ్బాయి వైరు కలిపాడు. దీపం ఒకటి, ఆగి, రెండు. మళ్లీ ఒకటి, ఆగి, రెండు.

"ఎంత, బేటా?"

"పన్నెండు, చాచా. దోషమేమీ లేదని."

ఆయన కర్రను పక్కన పెట్టి, "సరే, ఇంకొకసారి లెక్కపెట్టనీ" అన్నారు.