చాసీ లోపలి గోడ వెంట

మా మామ లారీకి ముక్కుండేది, ముక్కు మీద చుక్క గుర్తుండేది. టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి మన దేశంలో లారీలు కట్టడం మొదలుపెట్టింది. 1969లో ఆ పొత్తు ముగిశాక చుక్క పోయి టాటా ‘టి’ వచ్చింది. మామది చుక్క కాలం బండి. కోరుట్ల నుంచి నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు, సిరిసిల్ల నుంచి గుడ్డ బేళ్లు మోసి మోసి, చివరికి రైస్ మిల్లు వెనక కుక్కలకు నీడయింది.

మామ పోయాక బావ దాన్ని మళ్లీ నిలబెడతానన్నాడు. జగిత్యాలలో ఒక ఉస్తాద్ షెడ్డుకు క్రేనుతో చేర్చాం. బావ ధ్యాసంతా రంగు మీద, ముక్కు మీది చుక్క మీద. బ్రేకుల మాటెత్తితే, “గదేముంది, కొత్త పైపు గుంజుడే గదా!” అన్నాడు. ఉస్తాద్ జవాబివ్వలేదు. గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు.

అవి పాతకాలపు నూనె బ్రేకులు. ఇవాళ్టి పెద్ద లారీల్లా పూర్తిగా గాలి మీద నడిచేవి కావు. ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే దారి. పైపు ఎక్కడ చిట్లినా నాలుగు మూలలా బ్రేకు పోతుంది. మా వైపు ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ తర్వాత జగిత్యాలలో ఏ షెడ్డుకు పోయినా ముందు బ్రేకుల ముచ్చటే.

బండి కింద మాకు కనిపించింది ఎవరో ఎప్పుడో వేసిన రాగి పైపు. రాగి చేతితో వంగుతుంది కాబట్టి పని సులువు. కానీ ఏళ్ల తరబడి అదురుకు గట్టిపడి, వంపు దగ్గర పగులుతుంది. పైగా దాన్ని సైలెన్సర్ పక్క నుంచే తెచ్చి తీగతో కట్టారు. బ్రేకాయిల్ గాలిలోని తేమను పీల్చుకునే సరుకు. తేమ ఎక్కిన ఆయిలు వేడికి తొందరగా మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా మెత్తగా కిందికి పోతుంది.

“దగ్గరి దారి చూసిండ్రు సారూ,” అన్నాడు ఉస్తాద్. “కంపెనోడు ఎటు తెచ్చిండో చూద్దాం.”

చాసీ లోపలి గోడకు పట్టిన గ్రీజు, మట్టి రెండు వేళ్ల మందం. డీజిల్ పోసి, ఇనుప బ్రష్షుతో షెడ్డు కుర్రాడు చోటూ గీకుతూ పోతుంటే ఒక్కొక్కటిగా చిన్న బెజ్జాలు బయటపడ్డాయి. క్లిప్పుల బెజ్జాలు. సైలెన్సర్‌కు ఎదురు వైపు, రాళ్లు తగలకుండా, గోడ వెంటే వెనక హౌజింగు దాకా వరుసగా ఉన్నాయి. నాకు ఆ బండి మొత్తంలో నచ్చింది ఆ వరుసే. బావ తెప్పించిన మెరిసే చుక్క కాదు.

ఉస్తాద్ పైపు ముట్టుకోలేదు. ముందు బైండింగ్ వైరు తీసుకుని బెజ్జాల వెంట వంచుకుంటూ పోయాడు. వంపు వంపుకీ చాక్‌పీసు గీత. ఆ వైరును నేల మీద పరిచి, దాని పక్కన ఉక్కు పైపు పెట్టి బెండర్‌తో వంచాడు. మాస్టర్ సిలిండర్ దగ్గర మాత్రం అదురు తట్టుకోవడానికి రెండు చుట్లు తిప్పి, గాలి నిలవకుండా వాటిని పడుకోబెట్టాడు. చాసీ బెజ్జంలోంచి పైపు దూరే ప్రతిచోటా రబ్బరు బుష్షు.

పేచీ పైపు మూతి దగ్గర వచ్చింది. బజారులో దొరికిన రెడీమేడ్ పైపులకు మూతి లోపలికి మడిచి ఉంది. ఈ బండి నట్లకు జర్మన్ పద్ధతి, పుట్టగొడుగులా ఉబ్బిన మూతి కావాలి. ఒకదాంట్లో ఇంకోటి బిగిస్తే కూర్చున్నట్టే ఉంటుంది, గట్టిగా తొక్కితే కారుతుంది. అరిగిన నట్లు పట్టుకుని, అలాంటివే కొత్తవి చేయించడానికి సిరిసిల్ల పోయాం. మరమగ్గాల సామాన్లు చేసే లేత్ మిషనాయన కళ్లద్దాలు పైకి నెట్టి చుట్లు చూశాడు. “మగ్గానిదైతే ఉజ్జాయింపు నడుస్తది. బ్రేకుదంటున్నవు, రేపు రా బిడ్డా,” అన్నాడు.

కమాన్ పట్టీలు ఆడే చోట ఇనుప పైపు పనికిరాదు, రబ్బరు హోజే కావాలి. ఉస్తాద్ చాసీని జాకీతో లేపి హౌజింగును వేలాడదీసి హోజు పొడవు కొలిచాడు. మళ్లీ దించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పించి, టైరుకు హోజు రాసుకుంటుందేమోనని వేలు పెట్టి చూశాడు.

గాలి తీయడం వెనక ఎడమ చక్రం నుంచి మొదలైంది. మాస్టర్ సిలిండర్‌కు అదే అన్నిటికన్నా దూరం.

“తొక్కు… పట్టు… ఇడువకు!”

సీసాలో బుడగలు ఆగేదాకా అదే మాట. తర్వాత బావను పెడల్ మీద కాలు మోపి కూర్చోమని, ప్రతి జాయింటుకూ పాత పేపరు ముక్క చుట్టాడు. ఏ ముక్కా తడవలేదు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన స్కూటర్లకూ కార్లకూ చోటుంది గాని లారీకి లేదు. అందుకే మొదటి పరుగు మిల్లు ఆవరణలోనే, వడ్ల బస్తాలేసి, కాంటా పక్క ర్యాంపు మీద. సగం దిగాక బావ తొక్కాడు. బండి నిలబడింది. ఉస్తాద్ కిందికి వంగి చూసి, “ఇంకో పది బస్తాలెయ్యి,” అన్నాడు.