నీరు పల్లమెరుగు... మరి నిజం?

పెద్ద పడవ. జంటలు జంటలుగా జంతువులు. నేల కోసం వెతుక్కుంటూ ఎగిరిన పావురం. నోవహు కథ తెలియని ఇల్లు కోనసీమలో దాదాపు ఉండదు. కానీ ఆ కథ బైబిలు కంటే పాతది. ఎంత పాతది? ఎక్కడ పుట్టింది? వరదను ఏటా చూసే రావులపాలెం గట్టు మీద నిలబడి అడగాల్సిన ప్రశ్న ఇది.

రాజమండ్రి నుంచి జాతీయ రహదారి పట్టుకుని వస్తే ఓ గంటలో జొన్నాడ. అక్కడ గౌతమి వంతెన ఎక్కి దిగితే రావులపాలెం. కోనసీమకు సింహద్వారం అంటారు. పొద్దున్నే వచ్చారంటే అరటి మార్కెట్ దగ్గర సందడే సందడి. సైకిళ్ల మీద, ఆటోల్లో, వ్యాన్లలో గెలలు దిగుతుంటాయి. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి... పాట పూర్తవగానే లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లిపోతాయి. అదే రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్తే గోపాలపురం, ఆపైన వశిష్ఠ మీద సిద్ధాంతం వంతెన. అంటే ఇటు గౌతమి, అటు వశిష్ఠ. ఊరు మధ్యలో.

వేసవిలో వంతెన మీంచి చూస్తే ఇసుక తిన్నెలే కనిపిస్తాయి. జులై, ఆగస్టు వచ్చేసరికి ఆ ఇసుకంతా మాయం. ఎర్రనీళ్లు ఒడ్డులొరుసుకుంటూ పోతుంటాయి. లంకల్లో అరటితోటలు మెడ దాకా మునుగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. పెద్దవాళ్లు ఏ వరద గురించి చెప్పినా దాంతోనే పోలుస్తారు. ఆ తర్వాత 2006లోనూ, 2022 జులైలోనూ గోదావరి మళ్లీ భయపెట్టింది.

ఇలాంటి చోట ప్రళయం కథ పుస్తకంలోది అనిపించదు. చర్చిలో ఆదివారం బడి పిల్లలు నోవహు ఓడ బొమ్మకు రంగులు వేస్తారు. పక్క వీధిలో ఇంకో పిల్లవాడు నాయనమ్మ దగ్గర మత్స్యావతారం కథ వింటాడు. ఇద్దరికీ వచ్చే అనుమానం ఒక్కటే. ‘ఇదంతా నిజంగా జరిగిందా?’

బాగ్దాద్ నుంచి గోదావరికి

బైబిలు కథలు ఈ డెల్టాకు వచ్చిన తోవే ఓ కథ. ఆంథోని నారిస్ గ్రోవ్స్ అనే ఇంగ్లిషు దంతవైద్యుడు ఉద్యోగం మానేసి మత ప్రచారానికి బాగ్దాద్ వెళ్లాడు. 1831లో ఆ నగరాన్ని ప్లేగు పట్టుకుంది. అది చాలదన్నట్టు టైగ్రిస్ నది పొంగి ఊళ్లోకి వచ్చింది. వేల ఇళ్లు కూలిపోయాయి. గ్రోవ్స్ భార్య మేరీ ప్లేగుతో చనిపోయింది. ఆ రోజుల సంగతులన్నీ ఆయన తన డైరీలో రాసుకున్నాడు.

ఆ తర్వాత గ్రోవ్స్ భారతదేశం వచ్చాడు. ఆయన పిలుపుతో 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఇక్కడికొచ్చారు. వశిష్ఠకు అవతల, నరసాపురం పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. నోవహు కథను ఈ ప్రాంతంలో మొదట చెప్పినవాళ్లలో వాళ్లూ ఉంటారు.

విచిత్రమేమిటంటే, వాళ్లను పిలిచిన మనిషి ఆ కథ పుట్టిన నేల మీదే వరదను కళ్లారా చూశాడు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య నేలే ప్రళయ గాథకు పుట్టినిల్లు. ఆ సంగతి మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

మట్టిపలక నోరు విప్పింది

తెలిసింది 1872లో. జార్జ్ స్మిత్ అనే ఆయన లండన్‌లో కరెన్సీ నోట్లు చెక్కే పని నేర్చుకున్నవాడు. పెద్ద చదువులేమీ లేవు. ఖాళీ దొరికితే చాలు బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని నినెవె నుంచి తెచ్చిన మట్టిపలకల మీది మేకుల్లాంటి రాతను చదవడం నేర్చుకునేవాడు. చివరికి మ్యూజియమే ఆయన్ను పనిలో పెట్టుకుంది. ఓ రోజు ఓ ముక్క మీద కొండకు తగిలి ఆగిన ఓడ, తిరిగొచ్చిన పావురం కనిపించాయి. ఆ ఏడాది డిసెంబరు 3న సభలో చదివి వినిపిస్తే లండన్ నోరెళ్లబెట్టింది. మిగతా ముక్కల కోసం ఒక దినపత్రిక ఖర్చు పెట్టుకుని మరీ ఆయన్ను నినెవె పంపింది.

అది గిల్గమేష్ గాథలోని పదకొండో పలక. అందులో నోవహు పేరు ఉత్నపిష్టిం. దేవుడొకరు రహస్యంగా హెచ్చరిస్తాడు. పడవ కట్టమంటాడు. ప్రాణులన్నిటినీ ఎక్కించుకోమంటాడు. వరద తీశాక పావురం, వానకోయిల, కాకి... ఒకదాని తర్వాత ఒకటి వదులుతాడు. దీనికంటే పాతది అత్రహాసిస్ కథ. దాని ప్రతి ఒకటి క్రీస్తుకు పూర్వం పదిహేడో శతాబ్దం నాటిది. బైబిల్లో ఆదికాండం ఈ రూపం తీసుకోవడానికి వెయ్యేళ్ల ముందన్నమాట.

ఇంట్లోనే చూసుకోవచ్చు

దీనికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. ఇంట్లో తెలుగు బైబిలుంటే ఆదికాండం 6, 7 అధ్యాయాలు తీయండి. ఒకచోట ‘దేవుడు’ అని ఉంటుంది. ఇంకోచోట ‘యెహోవా’ అని ఉంటుంది. దేవుడు అన్నచోట ప్రతి జాతిలో రెండేసి ప్రాణులు ఓడ ఎక్కాలి. యెహోవా అన్నచోట పవిత్ర జంతువులైతే ఏడేసి జతలు. ఒక లెక్కలో వాన నలభై రోజులు. ఇంకో లెక్కలో నూటయాభై రోజులు నీళ్లు తగ్గలేదు.

ఈ పేర్ల తేడాను పట్టుకుని 1753లో జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఓ పుస్తకం రాశాడు. ఆదికాండం వెనుక ఒకటికి మించి పాత రాతలున్నాయన్నది ఆయన మాట. తర్వాత జర్మనీ పండితులు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఏ ముక్క ఎవరిది, ఎప్పటిది అన్నదాని మీద వాదులాట ఈనాటికీ ఉంది. రెండు కథనాలను కలిపి అల్లారన్న మాటను మాత్రం చాలామంది పండితులు ఒప్పుకుంటారు. అల్లినవాళ్లు తేడాలను చెరిపేయలేదు. రెండు పాత మాటలనూ గౌరవంగా అలాగే ఉంచేశారు.

నోవహు పుట్టి ఎక్కాడా?

బైబిలు చెప్పే ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. పెద్ద పెట్టె ఆకారం. అయితే 2014లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ ఇంకో పలక సంగతి బయటపెట్టాడు. సుమారు 3700 ఏళ్ల నాటిది. అందులో పడవ గుండ్రంగా ఉంది! ఖర్జూర పీచుతో తాడు పేని, చుట్టలు చుట్టి, కీలు పూయాలి. అచ్చం మన జాలర్ల పుట్టి. కాకపోతే అడుగు వైశాల్యం దాదాపు తొంభై సెంట్లు!

ఆ కొలతలను తగ్గించి ఒక టీవీ కార్యక్రమం కోసం అలాంటి పడవను నిజంగానే కట్టారు. ఎక్కడనుకున్నారు? కేరళలో. నీళ్లలో తేలింది కానీ ఉరిసింది. తోడుతూ ఉండాల్సి వచ్చింది. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే కోనసీమ వాళ్లకు అందులో వింతేముంది! తాడు బిగువూ, కీలు నాణ్యమూ తేడా వస్తే ఏ పడవైనా అంతే.

తెలుగు బైబిల్లోనూ ఓడకు లోపలా బయటా పూసేది ‘కీలే’. హీబ్రూలో ఆ మాట కోఫెర్. బాబిలోనియా భాషలో కుప్రు. నేల నుంచి కీలు ఊరే దేశం మెసపటోమియా. కథ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క మాటే పట్టిచ్చేస్తోంది అంటారు పండితులు.

జమ్ము పెట్టెలో పసివాడు

హీబ్రూ బైబిల్లో నోవహు ఓడకూ, పసిబిడ్డ మోషేను దాచి నైలు ఒడ్డున వదిలిన బుట్టకూ వాడిన మాట ఒక్కటే. తెలుగులో రెండోది ‘జమ్ము పెట్టె’ అయింది. కాలవ గట్ల మీద జమ్ము చూసినవాళ్లకు ఇట్టే అర్థమయ్యే మాట. దానికీ కీలు పూశారు.

అక్కద్ రాజు సర్గోన్ గురించీ ఇలాంటి కథే ఉంది. తల్లి రెల్లుబుట్టలో పెట్టి, కీలుతో మూసి, యూఫ్రటీస్‌లో వదిలింది. నీళ్లు తోడేవాడు తీసి పెంచాడు. మన కర్ణుడి సంగతి సరేసరి. అశ్వనదిలో వదిలిన పెట్టె గంగ దాకా కొట్టుకొచ్చింది. ఎవరు ఎవర్ని చూసి రాశారని వెంటనే తేల్చేయడం తొందరపాటు. నది ఉన్న ప్రతిచోటా బిడ్డను పోగొట్టుకున్న తల్లులూ ఉంటారు.

మరి వరద వచ్చిందా?

1929లో లియోనార్డ్ వూలీ ఊర్ నగరంలో తవ్వుతుంటే పదడుగుల దాకా ఒట్టి ఒండ్రు బయటపడింది. నోవహు వరద దొరికిందంటూ పత్రికలు హోరెత్తించాయి. కానీ చుట్టుపక్కల ఊళ్లలో తవ్వితే ఆ పొర లేదు. ఉన్నచోట కాలం కలవలేదు. అవి ఎక్కడికక్కడ వచ్చిన నది వరదలు. లోకమంతా ఒకేసారి మునిగిందనడానికి భూమి పొరల్లో సాక్ష్యం దొరకలేదు. ఈ మాట మొదట ఒప్పుకున్నవాళ్లు నాస్తికులేం కాదు. కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆడం సెడ్జ్‌విక్ చర్చి గురువు కూడా. తాను నమ్మిన ప్రళయ సిద్ధాంతాన్ని 1831లో సభాముఖంగా వెనక్కి తీసుకున్నాడు. టైగ్రిస్ బాగ్దాద్‌ను ముంచిందీ ఆ ఏడే.

బైబిలును అడిగిన ప్రశ్న పురాణాన్నీ అడగాలి కదా. శతపథ బ్రాహ్మణంలో మనువును చేప కాపాడుతుంది. పడవను ఉత్తరాన ఉన్న కొండకు కడతాడు. భాగవతానికి వచ్చేసరికి ఆయన ద్రవిడ రాజు సత్యవ్రతుడు. కథ కృతమాల ఒడ్డుకు జరిగింది. పడవలో సప్తర్షులు ఎక్కారు. గోదావరి పాయలకు గౌతమి, వశిష్ఠ అని ఋషుల పేర్లే పెట్టుకున్నాం. ఉత్నపిష్టిం పడవ ఒక కొండ మీద ఆగితే, నోవహు ఓడ అరారాతు కొండల మీద ఆగింది. ఎవరి నది వాళ్లది, ఎవరి కొండ వాళ్లది. కథ పడవ లాంటిదే. ఏ రేవులో ఆగితే ఆ రేవు సరుకు ఎక్కించుకుంటుంది.

పాపమా? పల్లమా?

అసలు తేడా ‘ఎందుకు’ అన్నదగ్గర ఉంది. అత్రహాసిస్ కథలో మనుషుల గోలకు ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టలేదు. అందుకని ముంచేశాడు. భాగవతంలో అది బ్రహ్మకు నిద్రవేళ. బైబిలు మాత్రం మనుషుల చెడుతనం అంది. పాత కథకు కొత్తగా ఒక నీతిని చేర్చింది. దేవుడు అల్లరికి విసుక్కునేవాడు కాదు, న్యాయం చూసేవాడు అన్నది గొప్ప ఊహే.

కానీ ఆ ఊహకు ఒక ప్రమాదం అంటుకుని ఉంది. వరద పాపానికి శిక్ష అయితే మునిగినవాళ్లంతా పాపులా? 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. పోయినవాళ్లేం చేశారు? పూరిళ్లలో ఉన్నారు. ఒడ్డుకు దగ్గరగా ఉన్నారు. గోదావరి పొంగినా మొదట మునిగేది లంకలే, డాబాలు కాదు. వరద మంచీచెడ్డా చూసి రాదు. పల్లం చూసి వస్తుంది. ‘నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు’ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆర్థర్ కాటన్ సంగతే చూడండి. గొప్ప భక్తుడు. కరవుతో, వరదతో అల్లాడుతున్న గోదావరి జిల్లాను చూసి ఎవరి పాపమా అని ఆరా తీయలేదు. నేల వాలు కొలిచాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కు రెండోది. 17.75కు మూడోది. నోవహుకు దేవుడు చెప్పిన మాట లంకవాసికి ఇప్పుడు ఫోన్‌లో వస్తోంది. పడవ సమయానికి వస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మరి ఆ కథ అబద్ధమని అవతల పెట్టేయాలా? అక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం 586లో యెరూషలేము కూలింది. యూదులను బాబిలోను పట్టుకుపోయారు. గుడి లేదు, ఊరు లేదు, పరాయి నదుల ఒడ్డున బతుకు. ఆదికాండంలో కొంత భాగం అక్కడే రూపు దిద్దుకుందన్నది చాలామంది పండితుల అభిప్రాయం. అన్నీ పోగొట్టుకున్నవాళ్లు, తమను ఓడించినవాళ్ల నేల కథను తీసుకుని చివర్లో ఒక ఇంద్రధనుస్సు పెట్టుకున్నారు. ఇలా ఇంకెప్పుడూ ముంచను అన్న మాట దేవుడితో చెప్పించారు. అది చరిత్ర కాకపోవచ్చు. ధైర్యం మాత్రం నిజం.

కోనసీమ నేలంతా గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రే. వరద తీశాక లంకల్లో రైతులు చేసే మొదటి పని మేట ఎంత పడిందో చూసుకోవడం. ఇసుకైతే తల పట్టుకుంటారు. ఒండ్రైతే పిలకలు తెచ్చి నాటుతారు. ఏడాది తిరిగేసరికి గెలలు మళ్లీ రావులపాలెం మార్కెట్లో దిగుతాయి.