రాయి పడవ దిగితే

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్‌సెట్, నీట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. నల్గొండ, సూర్యాపేట బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్‌లో దిగి, ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో చేరేవాళ్లే ఎక్కువ. ఆర్కిమెడిస్ సూత్రం అందరికీ నోటికి వచ్చు. అయినా ఒక బిట్టు దగ్గర క్లాసు క్లాసంతా తడబడుతుంది. చెరువులో పడవ, పడవలో రాయి. రాయిని నీళ్లలోకి తోసేస్తే చెరువు మట్టం ఏమవుతుంది?

'పెరుగుతది సార్' అని వెనక బెంచీలు. ముందు బెంచీలు 'మారదు' అంటాయి. గ్లాసులో ఐసుముక్క కరిగినా మట్టం మారదనే బిట్టు వాళ్లు అప్పటికే చేసి ఉంటారు మరి.

మాటలతో లాభం లేదని బకెట్టు తెప్పిస్తాను. నీళ్లలో వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా, అందులో కిరాణా కొట్టు కిలో ఇనుప తూకపురాయి. మట్టం దగ్గర స్కెచ్‌పెన్‌తో గీత గీసి, రాయి తీసి నీళ్లలో వదిలితే నీళ్లు గీతకు వేలిమందం కిందికి దిగుతాయి. డబ్బాలో ఉన్నంతసేపూ ఆ కిలో బరువునూ నీళ్లే మోయాలి, అంటే లీటరు నీళ్లు పక్కకు జరగాలి. అడుగుకు చేరాక బరువులో ఎక్కువ భాగం బకెట్టు అడుగే మోస్తుంది. ఇనుము తన ఘనపరిమాణం మేరకు, నూట యాభై మిల్లీలీటర్ల లోపే జరుపుతుంది.

ఆ తర్వాత హుస్సేన్‌సాగర్. రాయగిరి గ్రానైటుతో చెక్కిన బుద్ధుణ్ణి 1990 మార్చి 10న బార్జి మీద తీసుకెళ్తుంటే, అది ఒరిగి విగ్రహం నీళ్లలోకి జారిపోయింది. ప్రాణాలు కూడా పోయాయి. ఆ మాట చెప్పకుండా లెక్కలోకి దిగను. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబర్ 1న. బరువు 450 టన్నులనుకుందాం. బార్జి మీద ఉన్నప్పుడు దాని వంతుకు 450 ఘనపు మీటర్ల నీళ్లు జరిగాయి, అడుగున పడ్డాక సుమారు 167. అంత పెద్ద సాగర్‌లో మట్టం తగ్గింది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు! పిల్లలు నవ్వుతారు గానీ లెక్క మరిచిపోరు.  

వినాయక చవితి రోజుల్లో సరూర్‌నగర్ చెరువు క్రేన్లు చూసొచ్చి మెలిక పెట్టేవాళ్లూ ఉంటారు. 'నిమజ్జనంలో మట్టం తగ్గాలి కద సార్?' తగ్గదు, పెరుగుతుంది. ఆ గణపతి పడవలోంచి కాదు, లారీలోంచి దిగాడు.