పాంగాంగ్ సరస్సుకు పయనం ఏ ఋతువులో?

మక్కా ఖురైషీయులకు ఏటా రెండు వర్తక ప్రయాణాలు ఉండేవి. శీతకాలంలో వారి బిడారులు వెచ్చని యమన్ దిశగా, వేసవిలో చల్లని సిరియా దిశగా సాగేవి. దివ్య ఖుర్ఆన్‌లోని ఖురైష్ సూరా ఆ రెండు ప్రయాణాలనూ పేర్కొని, వాటిని సుగమం చేసిన ప్రభువుకు కృతజ్ఞులై ఉండవలసిందిగా వారికి గుర్తు చేసింది. ఋతువును గమనించి పయనం కట్టడం మానవునికి అల్లాహ్ ప్రసాదించిన వివేకంలో ఒక భాగమని ఈ సూరా చదివిన వారెవరికైనా తోచక మానదు.

ఈ రోజుల్లో మన ఇళ్లలో వేసవి సెలవులు దగ్గర పడగానే వినిపించే ఊరి పేరు లద్దాఖ్. అందులోనూ పాంగాంగ్ సరస్సు. 2009లో వచ్చిన ఒక హిందీ చిత్రం ద్వారా ఈ సరస్సు దేశమంతటికీ పరిచయమైంది. ఆనాటి నుండి హైదరాబాదు, విజయవాడ, కర్నూలు వంటి నగరాల కుటుంబాలు సైతం అక్కడికి బయలుదేరుతున్నాయి. అల్లాహ్ సృష్టిని కనులారా చూడాలన్న కోరిక మంచిదే. భూమిపై సంచరించి చూడమని ఖుర్ఆన్ పలుమార్లు ప్రోత్సహించింది. అయితే ఎప్పుడు వెళ్లాలి, ఎవరిని తీసుకొని వెళ్లాలి, ఎంత నెమ్మదిగా వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఆ ఎత్తుకు పోవడం ప్రమాదకరం.

సరస్సు స్వభావం

పాంగాంగ్ సరస్సు సముద్రమట్టానికి సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. దాని పొడవు దాదాపు 134 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం ఎక్కడా 5 కిలోమీటర్లకు మించదు. అందులో సుమారు మూడో వంతు మన వైపున, తక్కినది చైనా అధీనంలోని టిబెట్ వైపున ఉంది. చుట్టూ చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు. నడుమ ఒక్కొక్క గడియకు ఒక్కొక్క నీలిమను ధరించే నీరు.

ఈ నీరు ఉప్పన. కొండల మంచు కరిగి వచ్చే వాగులు రాళ్లలోని లవణాలను కరిగించుకొని సరస్సులో చేరుతాయి. అక్కడి నుండి నీరు బయటికి పోయే దారి లేదు. ఎండకూ గాలికీ నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. విచిత్రమేమంటే, ఒకే సరస్సులో తూర్పు కొసన నీరు దాదాపు తియ్యగా ఉండి, పడమటికి వచ్చేకొద్దీ లవణం పెరుగుతుంది. మన వైపు నీటిలో లవణం సముద్రజలంలో సుమారు మూడో వంతు ఉంటుంది. తియ్యని జలాన్నీ ఉప్పు జలాన్నీ తన శక్తికి నిదర్శనాలుగా అల్లాహ్ ఖుర్ఆన్‌లో ప్రస్తావించిన సంగతి మన పిల్లలకు అక్కడ ఆ ఒడ్డున కూర్చోబెట్టి చెప్పవచ్చు. ఆ పాఠం వారు మరచిపోరు.

నాలుగు ఋతువుల లెక్క

డిసెంబరు నుండి మార్చి వరకు సరస్సు గడ్డకట్టి ఉంటుంది. రాత్రివేళ చలి సున్నాకు 20 డిగ్రీల దిగువకు, ఒక్కొక్కప్పుడు ఇంకా కిందికి దిగుతుంది. ఉప్పు నీరు గడ్డకట్టదని చదివిన పిల్లలకు ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. సముద్రపు నీరు కూడా సున్నాకు సుమారు 2 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. ఆ చలి మన సముద్రతీరాలకు రాదు గనుక మనకు తెలియదు. ఈ కాలం పర్వతాల్లో అనుభవమున్న యువకులకే తగును, కుటుంబాలకు కాదు.

ఏప్రిల్, మే నెలల్లో మంచు విడుస్తుంది. శ్రీనగర్ నుండి జోజీలా కనుమ మీదుగా లేహ్ చేరే దారి మనాలీ దారి కంటే ముందుగా తెరుచుకుంటుంది. మనాలీ దారి తెరుచుకోవడానికి సాధారణంగా ఇంకా ఆలస్యమవుతుంది. లేహ్‌కూ సరస్సుకూ మధ్య ఉన్న చాంగ్‌లా కనుమ 5,300 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. అక్కడ మే నెలలోనూ మంచు కురిసి వాహనాలు గంటల తరబడి నిలిచిపోవడం మామూలు.

జూన్ నెలలో పగళ్లు దీర్ఘం, ఆకాశం నిర్మలం. తలపై నల్లని చారలుండే పర్వతపు బాతులు సంతానోత్పత్తి కోసం ఆ చల్లని సరస్సులకు చేరి ఉంటాయి. చలికాలంలో ఈ జాతి పక్షులే కర్ణాటకలోని మాగడి చెరువు వరకు దిగివస్తాయి. హిమాలయాలను దాటే ఆ చిన్ని ప్రాణులకు ఏ నెలలో ఎటు పోవాలో ఎవరు నేర్పారో మనకు తెలుసు.

జూలై, ఆగస్టు నెలల్లో రాత్రుల చలి కొంత తగ్గుతుంది. ఋతుపవనాలను హిమాలయాలు అడ్డుకోవడం వల్ల లద్దాఖ్‌లో వాన చాలా తక్కువ. కానీ అక్కడికి చేర్చే కశ్మీరు, హిమాచల్ దారుల్లో కొండచరియలు విరిగిపడే కాలం ఇదే. లద్దాఖ్‌లో సైతం అరుదుగా కురిసే వాన ఎంత భయంకరమో 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ ప్రజలు చవిచూశారు. ఆ ఒక్క కుంభవృష్టిలో 200 మందికి పైగా మరణించారు. ఎండ ముదిరేకొద్దీ కొండల మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. సరస్సు దారిలో పాగల్ నాలా అని ఒకటుంది. ఉదయం పిల్లకాలువ, సాయంత్రం ఉధృత ప్రవాహం. ఆ పేరు ఊరికే రాలేదు. కాబట్టి ఆ మాసాల్లో వెళ్లేవారు ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే వాగులు దాటాలి.

ఇక సెప్టెంబరు. వాగులు తగ్గుతాయి, గాలి తేటపడుతుంది, జనసమ్మర్దం పలచబడుతుంది, నీలిమ చిక్కనవుతుంది. రాత్రులు సున్నాకు దగ్గరగా చల్లబడతాయి గాని ఉన్ని దుస్తులతో ఓర్చుకోవచ్చు. అక్టోబరు సగమయ్యేసరికి ఒడ్డునున్న గుడారాల బసలు చాలావరకు ఎత్తివేస్తారు. నన్నడిగితే కుటుంబాలకు సెప్టెంబరు మొదటిది, జూన్ రెండవది.

అయితే మన బడుల సెలవులు ఈ లెక్కకు పూర్తిగా లొంగవు. వేసవి సెలవులు జూన్ రెండో వారానికి ముగుస్తాయి. గనుక పిల్లలున్న వారికి జూన్ మొదటి పది రోజులే మిగులుతాయి. దసరా సెలవులు సెప్టెంబరు చివర లేదా అక్టోబరు తొలి భాగంలో పడిన సంవత్సరం అన్నిటికన్నా అనుకూలం. మన హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కావడంతో బక్రీద్, రమజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంటాయి. టికెట్లు కొనే ముందు ఆ తేదీలు కూడా చూసుకోవాలి.

ఎత్తు అనే పరీక్ష

ఋతువు ఎంత అనుకూలమైనా ఎత్తు మారదు. లేహ్ పట్టణమే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీ నుండి విమానం గంటంబావులో అక్కడ దింపుతుంది. నిన్నటిదాకా 40 డిగ్రీల ఎండలో, దాదాపు సముద్రమట్టంలో ఉన్న శరీరానికి ఇది గొప్ప కుదుపు. చాంగ్‌లా వద్ద ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు మన తీరప్రాంతంలో అందే దానిలో దాదాపు సగమే. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం, ఆయాసం తొలి హెచ్చరికలు. వాటిని లక్ష్యపెట్టక ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు తక్షణం కిందికి దించడమే ప్రధాన చికిత్స.

లేహ్ బజారులోని జామా మసీదు 17వ శతాబ్దం నాటిది. 1666-67 ప్రాంతంలో, ఔరంగజేబు కాలంలో, లద్దాఖ్ రాజుతో కుదిరిన ఒడంబడిక ఫలితంగా నిర్మితమైంది. అక్కడ అస్ర్ నమాజు ముగించి కూర్చున్నప్పుడు ఒక స్థానిక వృద్ధుడు నన్ను పలకరించాడు. ఎక్కడి నుండి వచ్చారని అడగలేదు. "మౌల్వీ సాబ్, ఎప్పుడు దిగారు?" అన్నాడు. నిన్న అన్నాను. "అయితే రేపు కూడా ఇక్కడే పడుకోండి. సరస్సు ఎక్కడికీ పోదు" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట వెనుక తరాల అనుభవముంది. లేహ్ నుండి కారాకోరం కనుమ మీదుగా యార్కండ్ పట్టణానికి పూర్వం వర్తక బిడారులు నడిచేవి. వాటికి రెండు దారులుండేవి: తాబిస్తానీ, జమిస్తానీ. ఉర్దూ తెలిసిన మన పాఠకులకు ఆ ఫారసీ మాటలు వింతగా తోచవు. వేసవి దారి, చలికాలపు దారి అని అర్థం. వేసవిలో ష్యోక్ నది కరిగిన మంచుతో ఉప్పొంగి దాటరానిది గనుక బిడారులు ఎత్తైన సాసర్ కనుమ ఎక్కేవి. చలికాలంలో నది తగ్గి గడ్డకట్టేది గనుక ఆ లోయ వెంటే నడిచేవి. దారిని కొండలూ కాలమూ నిర్ణయించేవి, బాటసారి తలవంచేవాడు. నేడు మనం నాలుగు రోజుల సెలవు చేతపట్టుకొని కొండలను తలవంచమంటున్నాం.

నా మనవి ఇది. విమానంలో వెళ్లేవారు లేహ్‌లో కనీసం రెండు పూర్తి దినాలు విశ్రమించాలి. మూడైతే మరీ మేలు. సమయమున్నవారు శ్రీనగర్ నుండి రోడ్డు మార్గాన, కార్గిల్‌లో రాత్రి బస చేసి వెళ్తే శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. కార్గిల్‌లో మసీదులకూ హలాల్ భోజనానికీ లోటుండదు. హృద్రోగులు, ఉబ్బసమున్నవారు, గర్భవతులు, పసిబిడ్డల తల్లులు ముందుగా వైద్యుని సంప్రదించాలి. వైద్యుడు చెప్పనిదే మందులు వాడరాదు. లేహ్‌లో తలనొప్పి తగ్గనివారు సరస్సుకు వెళ్లరాదు. ఇది సరిహద్దు ప్రాంతం. అనుమతుల, రుసుముల నియమాలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు తెలుసుకోవాలి.

ఆరాధన, సౌలభ్యం

ముసాఫిర్‌కు షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాల విలువ ఆ చలిలో తెలుస్తుంది. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడిగితే, వుజూ భంగమైనది మొదలు మూడు పగళ్లు, మూడు రాత్రులు ప్రయాణికుడు వాటిపై మసహ్ చేయవచ్చు. నీళ్లు కాచుకునే వీలు లేక, చన్నీటితో జబ్బు చేస్తుందన్న బలమైన భయమున్నప్పుడు తయమ్ముమ్ ఉంది. సముద్రజలం పరిశుద్ధమని హదీసు తెలుపుతున్నందున ఈ సరస్సు నీటితో వుజూ విషయంలో సందేహం అక్కర్లేదు. కానీ సబ్బు నురుగు మాత్రం అందులో కలపకండి. బయటికి దారి లేని సరస్సులో వేసినదేదైనా అక్కడే నిలిచిపోతుంది.

ఒక చిన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. హైదరాబాదులో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. లేహ్‌లో పడమరకు కొద్దిగా దక్షిణంగా ఉంటుంది. అలవాటు కొద్దీ ఇంటి దగ్గరి కోణంలో నిలబడకండి.

బలహీనుని నడకే అందరి నడక

నమాజుకు నాయకత్వం వహించేవాడు వెనుక నిలిచిన వృద్ధులనూ రోగులనూ బలహీనులనూ దృష్టిలో ఉంచుకొని తేలికపరచాలని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. నమాజులోనే ఇంత కనికరం ఉంటే విహారయాత్రలో ఎంత ఉండాలి! కుటుంబపెద్ద తన వయసునూ బలాన్నీ బట్టి ఋతువును ఎంచుకోకూడదు. తల్లి మోకాళ్లను, చిన్నబిడ్డ ఊపిరిని బట్టి ఎంచుకోవాలి. ఆమెకు ఆయాసమైతే ఆమెతో ఒకరు లేహ్‌లో ఆగాలి, లేదా అందరూ ఆగాలి. "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం, చూడకుండా ఎలా పోతాం" అన్న మాట ఆ గదిలో వినబడకూడదు. వృద్ధులు ఆ మాట విని, తమ బాధను దాచుకొని వాహనమెక్కుతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇస్లాం మూలస్తంభాల్లో ఒకటైన హజ్‌ను సైతం అల్లాహ్ స్తోమత గలవారికే విధించాడు. ఒక సరస్సు అంతకంటే గొప్పది కాదు. సెలవులు చాలని సంవత్సరం వెళ్లకండి, వచ్చే ఏడాది సెప్టెంబరు ఉంది. వెళ్లినప్పుడు తీరికగా వెళ్లండి. ఒడ్డున రెండు రకాతులు నమాజు చేసి, ఇంటిల్లిపాదీ క్షేమంగా తిరిగి రండి. అల్లాహ్ మన ప్రయాణాలను సులభతరం చేయుగాక, ఇంట మిగిలినవారినీ బాట నడిచేవారినీ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.